1/100 విక్టరీకి ఏ పసుపు వేయాలి? పెట్టె మీది రంగు, అసలు ఓడ రంగు కలవట్లేదు

కొత్తతెరచాప
అందరికీ నమస్కారం. హెల్లర్ కంపెనీ వాళ్ల 1/100 హెచ్‌ఎంఎస్ విక్టరీ కిట్ మొదలుపెట్టాను, అంటే పాత ఇంగ్లండ్ యుద్ధనౌకకి వందో వంతు సైజు ప్లాస్టిక్ మోడల్. హల్ (ఓడ మొండెం) రెండు సగాలు అతికించి, ప్రైమర్ కొట్టి ఆపేశాను. కారణం పసుపు. పెట్టె మీద బొమ్మలో ఫిరంగుల వరుసల వెంట ఉన్న పట్టీలు ముదురు పసుపు, దాదాపు ఆవాల రంగు. అసలు ఓడ ఉన్న పోర్ట్స్‌మత్‌లో ఈ మధ్య తీసిన ఫోటోల్లోనేమో లేత రంగు, కాస్త గులాబీ ఛాయ కూడా ఉంది. పాత ఫోటోలు చూస్తే అందులో ఇంకో పసుపు. ఒకే ఓడకి ఇన్ని రంగులేంటండీ? దీంతోపాటు నలుపు, అడుగున రాగి, డెక్ రంగు కూడా తేల్చుకోవాలి. కనీసం పసుపు విషయం ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

చుక్కాని
ముందు ఒక్క ప్రశ్న: మీరు కడుతున్నది ఏ సంవత్సరం విక్టరీ?

ఇది తప్పించుకోవడానికి అడుగుతున్నది కాదు. ఆ ఓడ 1765లో చాతమ్‌లో నీళ్లలోకి దిగింది. 1778లో సర్వీసులోకి వచ్చినప్పుడు పక్కల చెక్కకి ఎక్కువ భాగం గుగ్గిలం వార్నిష్, కింద వేల్స్ అనే మందపాటి పలకలకి నలుపు. అప్పట్లో వెనక భాగంలో తెరిచి ఉన్న బాల్కనీలు ఉండేవి. 1800 నుంచి 1803 దాకా పెద్ద మరమ్మతు జరిగింది, ఆ బాల్కనీలు మూసేశారు. ఇంగ్లండ్ అడ్మిరల్ నెల్సన్ ఈ ఓడ ఎక్కింది ఆ మరమ్మతు తర్వాతే. ఆయన పోరాడిన ట్రఫాల్గర్ నౌకాయుద్ధం 1805 అక్టోబర్ 21. తర్వాతి దశాబ్దాల్లో ఇంగ్లండ్ నౌకాదళం పసుపు పట్టీలు వదిలి తెల్ల పట్టీలకు మారింది. 19వ శతాబ్దం చివరి ఫోటోల్లో విక్టరీ నలుపు తెలుపుల్లోనే కనిపిస్తుంది. 1922లో డ్రై డాక్‌లోకి తెచ్చి, 1928 నాటికి మళ్లీ ట్రఫాల్గర్ రూపానికి మార్చారు.

అంటే మీరు చూసిన ఫోటోలన్నీ నిజమే. కాలాలు వేరు, అంతే. హెల్లర్ కిట్‌లో వెనక భాగం మూసి ఉంటుంది కాబట్టి మీది 1805 అనుకుంటున్నాను.

కొత్తతెరచాప
అవునండీ, 1805. ట్రఫాల్గర్ రోజు ఎలా ఉందో అలా.

రంగులరాట్నం
అయితే లేత రంగు వైపే వెళ్లండి.

20వ శతాబ్దంలో చాలాకాలం ఆ ఓడ మీద ఉన్న ముదురు పసుపు అప్పటికి అందుబాటులో ఉన్న ఆధారాలతో ఎంచుకున్నది. ఆ తర్వాత నిపుణులు చెక్క మీద నుంచి పెయింట్ నమూనాలు తీసి, పొరల్ని అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద చూశారు. ప్రతి పొరా ఒక్కో కాలం నాటిది కాబట్టి, ఏ పొర 1805కి దగ్గరో లెక్క తేలుతుంది. దాని ప్రకారం 2015లో ఓడకి మళ్లీ రంగు వేశారు. మీరు చూసిన ఆ లేత, గులాబీ కలిసిన ఓకర్ (పసుపు మన్ను రంగు) అదే. అప్పుడు చాలామంది మోడలర్లు గోల పెట్టారు, మా షెల్ఫ్‌లో ఉన్నదంతా ఒక్క రోజులో పాతదైపోయిందని.

కొత్త పరిశోధన పక్కన పెట్టినా, ఆ కాలపు దినుసులు చూస్తే చాలు. నౌకాదళం వాడేది చవకైన మట్టి రంగులు: పసుపు మన్ను, జేగురు, దీపపు మసి, సీసపు తెలుపు. వీటిని అవిసె నూనెలో నూరేవారు. పసుపు మన్నులో సీసపు తెలుపు కలిస్తే వచ్చేది మెత్తటి లేత రంగు. నిమ్మపండు లాంటి మెరిసే పసుపు రావాలంటే క్రోమ్ యెల్లో కావాలి. క్రోమియం మూలకాన్నే 1797లో కనుక్కున్నారు, దాంతో చేసిన పసుపు రంగు మార్కెట్లోకి వచ్చింది ట్రఫాల్గర్ తర్వాత. కాడ్మియం పసుపు ఇంకా ఆలస్యం. కాబట్టి 1805 ఓడ మీద తళతళలాడే పసుపు కనిపిస్తే అది ఆ కాలానిది కాదు.

నీలం విషయంలోనూ ఇంతే. ప్రష్యన్ బ్లూ 18వ శతాబ్దం మొదట్లోనే ఉంది, కాబట్టి వెనక చెక్కడాల మీద ముదురు నీలం ఉంటే నమ్మొచ్చు. చవకైన కృత్రిమ అల్ట్రామరీన్ మాత్రం 1820ల చివర్లో గానీ రాలేదు. అంతకుముందు దాన్ని లాపిస్ రాయి నుంచి తీసేవారు, అది ఓడలకి పూసేంత చవక కాదు.

ఒంటిమాస్ట్
ఇదంతా బాగానే ఉంది గానీ, ఎవరు చూడొచ్చారు బ్రదర్? ఇవాళ మైక్రోస్కోప్ గులాబీ అంటుంది, ఇరవై ఏళ్లకి ఇంకో మైక్రోస్కోప్ ఇంకోటి అంటుంది. స్వీడన్ యుద్ధనౌక వాసా సంగతి తెలుసు కదా. 1628లో మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగింది, 1961లో పైకి తీశారు. ఎన్నో ఏళ్ల పాటు దాని వెనక భాగానికి నేపథ్యం నీలం అన్నారు. కిట్ల మీద నీలం, పుస్తకాల్లో నీలం. తర్వాత అబ్బే, ఎరుపు అన్నారు. నీలం వేసుకుని హాయిగా ఉన్నవాళ్లంతా ఏమైపోవాలి? నచ్చిన పసుపు వేసుకో, ఓడ నీది.

చుక్కాని
వాసా ఉదాహరణ మీ వాదనకి పనికిరాదు ఒంటిమాస్ట్ గారూ, నా వాదనకే పనికొస్తుంది. నీలం అన్నది ఊహ. ఎరుపు అన్నది చెక్కడాల మీద మిగిలిన రంగు రేణువుల్ని పరీక్షించాక వచ్చిన మాట. బొమ్మలు కూడా బంగారు పూతతో మాత్రమే లేవు, రకరకాల రంగుల్లో ఉన్నాయని తేలింది. మ్యూజియంలో ఉన్న 1/10 మోడల్‌కి ఆ రంగులే వేశారు. అభిప్రాయం మారలేదు అక్కడ, ఊహ స్థానంలో సాక్ష్యం వచ్చింది. ఈ రెండూ ఒకటి కావు.

"నీ ఓడ నీ ఇష్టం" అనేది ఎప్పుడూ నిజమే. కానీ ఆయన అడిగింది ఇష్టం గురించి కాదు.

ఒంటిమాస్ట్
సరే మహాప్రభో. అయినా నా విక్టరీ ఆవాల పసుపే, అలాగే ఉంటుంది 😄

కొత్తతెరచాప
రంగులరాట్నం గారూ, థాంక్స్. ఇప్పుడు అసలు టెన్షన్: ఏ డబ్బా కొనాలి? ఫోన్‌లో ఒక ఫోటోలో క్రీమ్ రంగులా ఉంది, ఇంకోదాంట్లో పీచ్‌లా ఉంది. కలర్ పికర్ యాప్ పెట్టి నొక్కితే ఒక్కో పలకకి ఒక్కో నంబర్ వస్తోంది.

డబ్బారాయుడు
యాప్ తీసేయండి తమ్ముడూ. ఫోటోలో ఉండేది పెయింట్ రంగు కాదు. ఆ రోజు ఎండ, మబ్బు, కెమెరా వైట్ బ్యాలెన్స్, మీ స్క్రీన్, అన్నీ కలిసిన ముద్ద అది. నీడలో తీస్తే నీలం కలుస్తుంది, సాయంత్రం తీస్తే నారింజ కలుస్తుంది. ఫోటో నుంచి ఒక్కటే తీసుకోవాలి: పక్కపక్కన ఉన్న రంగుల మధ్య తేడా. పట్టీ నలుపు కంటే ఎంత లేత, డెక్ చెక్క కంటే ఎంత వెచ్చన, అంతవరకే.

నేను చేసే పద్ధతి చెప్తాను. టమియా కంపెనీ యాక్రిలిక్ పెయింట్లలో ఎక్స్‌ఎఫ్-57 బఫ్ ఆధారం. అందులో ఎక్స్‌ఎఫ్-59 డెజర్ట్ యెల్లో మూడో వంతు. ఎక్స్‌ఎఫ్-7 ఫ్లాట్ రెడ్ టూత్‌పిక్ మొనతో ఒక్క చుక్క. ఎరుపు ఎక్కువైతే వెంటనే చర్మం రంగులోకి పోతుంది, జాగ్రత్త. అది మ్యూజియం రంగుకి కార్బన్ కాపీ అని చెప్పను, ఆ కుటుంబంలో రంగు. ఎక్స్‌ఎఫ్-3 ఫ్లాట్ యెల్లో జోలికి మాత్రం వెళ్లొద్దు, స్కూల్ బస్ అయిపోతుంది. వాల్యెహో కంపెనీ పెయింట్లు వాడేవాళ్లయితే యెల్లో ఓకర్‌లో ఐవరీ ఎక్కువగా కలిపి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ముఖ్యమైనది టెస్ట్ కార్డ్. పనికిరాని ప్లాస్టిక్ ముక్కకి హల్ మీద వాడిన ప్రైమరే కొట్టండి. నాలుగు మిశ్రమాలు పక్కపక్కన వేయండి, ప్రతి దాని పక్కనా మీరు వాడబోయే నలుపు కూడా వేయండి. పసుపు ఒంటరిగా ఉంటే ఒకలా, నలుపు పక్కన ఉంటే ఇంకోలా కనిపిస్తుంది. ఆరాక మ్యాట్ వార్నిష్ కొట్టి, అప్పుడు చూడండి. వార్నిష్ పడ్డాక రంగు కొంచెం లోతవుతుంది. తడి పెయింట్ చూసి నిర్ణయించకండి.

రంగులరాట్నం
దీనికి ఒకటి కలుపుతాను. కార్డుని మోడల్ చివరికి ఎక్కడ ఉంటుందో ఆ లైటులోనే చూడండి. రెండు పెయింట్లు పగటి వెలుగులో అచ్చం ఒకేలా ఉండి, చవక ఎల్‌ఈడీ కింద విడివిడిగా కనిపించడం మామూలే. వాటిలో పిగ్మెంట్లు వేరు కదా. అందుకే ఒక పట్టీ ఒక కంపెనీ పెయింట్‌తో, ఇంకోటి ఇంకో కంపెనీ పెయింట్‌తో ఎప్పుడూ వేయొద్దు, ఎంత కలిసినట్టు కనిపించినా సరే. మొత్తం ఓడకి సరిపడా ఒకేసారి కలిపి మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టుకోండి.

మస్తూలు
స్కేల్ ఎఫెక్ట్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? 1/100 మోడల్‌కి అసలు రంగే వేస్తే ముదురుగా కనిపిస్తుంది. దూరం వల్ల రంగు లేతబడుతుంది కాబట్టి ప్రతి రంగులో పది శాతం తెలుపు కలపాలి. ఇది అందరికీ తెలిసిన రూల్.

లెక్కలమాస్టారు
ఆ రూల్‌ని ఒకసారి లెక్క వేసి చూద్దాం. మాటలు నాకు రావు, అంకెలు వస్తాయి.

1/100 మోడల్‌ని ఒక మీటర్ నుంచి చూస్తే అసలు ఓడని 100 మీటర్ల నుంచి చూసినట్టు. గాలి మామూలుగా శుభ్రంగా ఉండి, 20 కిలోమీటర్ల దాకా కనిపిస్తోంది అనుకోండి. ఆ గాలిలో 100 మీటర్ల దూరానికి మధ్యలో కలిసే వెలుగు సుమారు 2 శాతం. అంతే.

పసుపు పట్టీ తన మీద పడ్డ వెలుగులో సగం వెనక్కి పంపుతుందనుకుందాం, అంటే 50. దూరం వల్ల అది 51 అవుతుంది. ఎవరి కంటికీ తెలియదు. నలుపు సంగతి వేరు. మ్యాట్ నలుపు వెనక్కి పంపేది 4 శాతం చుట్టూ. దానికి 2 కలిస్తే దాదాపు 6. అంటే సగం పెరిగింది! ఇది కంటికి తెలుస్తుంది.

కాబట్టి "ప్రతి రంగులో పది శాతం తెలుపు" అర్థం లేనిది. నలుపుని బూడిద వైపు లాగాలి, పసుపుని ముట్టుకోనక్కర్లేదు. పొగమంచులో ఓడ అయితే లెక్క వేరే.

మస్తూలు
మాస్టారూ, అంకెలు కరెక్టే కావచ్చు. కానీ నేను అసలు రంగు వేసిన మోడల్స్ గదిలో ముదురుగా కనిపించడం నా కళ్లతో చూశాను. దానికేమంటారు?

లెక్కలమాస్టారు
మీ కళ్లు నిజమే చెప్తున్నాయి, కారణం దూరం కాదు. వెలుగు. ఎండలో ఓడ మీద పడేది లక్ష లక్స్ (వెలుగు కొలత) దాకా ఉంటుంది. గదిలో 300, 500. తక్కువ వెలుగులో రంగులు మసకగా, నీరసంగా కనిపిస్తాయి. అందుకే గదిలో పెట్టే మోడల్‌కి కాస్త లేతగా వేస్తే కంటికి హాయిగా ఉంటుంది. దాన్ని స్కేల్ అనకండి, లైటింగ్ అనండి. గాజు పెట్టెలో మంచి లైట్ పెట్టేవాళ్లకి ఆ సర్దుబాటు అక్కర్లేదు.

డబ్బారాయుడు
నలుపుకి నా ఓటు ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్. పేరు చూసి భయపడకండి, కొంచెం బూడిద కలిసిన నలుపు, అంతే. అసలు ఓడ మీద కూడా మసిని అవిసె నూనెలో కలిపి వేసిన నలుపు ఎండకి, ఉప్పు నీటికి మెరుపు పోయి ఉండేది. ఎక్స్‌ఎఫ్-1 వేస్తే పట్టీల మధ్య నల్ల గొయ్యిలా ఉంటుంది, చెక్కల గీతలు కనిపించవు. ఈ కిట్‌లో ఆ గీతలు అంత చక్కగా వేశాడు, వాటిని నలుపులో ముంచేయడం అన్యాయం.

కొత్తతెరచాప
అద్భుతం. ఇక అడుగున రాగి. ఎక్స్‌ఎఫ్-6 కాపర్ కొట్టేస్తే చాలా? కొన్ని మోడల్స్‌కి పచ్చగా చిలుము వేస్తున్నారు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

అడుగుపలక
రాగి పేరు వినగానే నిద్రలో ఉన్నా లేస్తాను, కాబట్టి కాస్త పెద్ద పోస్ట్, ఓపిక పట్టండి.

విక్టరీకి 1780లో రాగి తొడిగారు, 3,923 రేకులు. చెక్కని తినే నౌకాపురుగు నుంచి కాపాడటానికి, అడుగున నాచు, గవ్వలు పట్టకుండా ఉండటానికి. అంతకుముందు 1761లో అలార్మ్ అనే ఫ్రిగేట్ (చిన్న యుద్ధనౌక) మీద ప్రయోగం చేశారు. రేకు మామూలు సైజు 4 అడుగులు పొడవు, 14 అంగుళాలు వెడల్పు. మీ స్కేల్‌లో అది 12.2 మిల్లీమీటర్లు, 3.6 మిల్లీమీటర్లు. ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కుతుంది.

ఇప్పుడు చిలుము. గుడి గోపురం మీద, విగ్రహం మీద రాగి దశాబ్దాలపాటు గాలికీ వానకీ ఉంటే పచ్చబడుతుంది. సముద్రంలో తిరిగే ఓడ అడుగున అలా జరగదు. అక్కడ రాగి పైపొర ఎప్పటికప్పుడు నీటిలో కొద్దికొద్దిగా కరిగిపోతూ ఉంటుంది. గవ్వలు అంటుకోకపోవడానికి కారణమే అది, ఆ కరిగే రాగి వాటికి విషం. అందుకని నీటి కింద ఉన్న రేకు మసక గోధుమ రంగులో ఉంటుంది, పాత నాణెం లాగ. పచ్చ వచ్చేది నీటి గీత దగ్గరే, తడవడం ఆరడం జరిగే చోట. ఓడ ఊగినప్పుడు బయటపడే ఆ సన్నటి పట్టీ 1/100లో కొన్ని మిల్లీమీటర్లే. హల్ మొత్తం పచ్చగా వేస్తే అది డాక్‌లో ఏళ్ల తరబడి వదిలేసిన ఓడ అవుతుంది, యుద్ధానికి వెళ్లిన ఓడ కాదు.

నేను వేసే తీరు: కింద ఎక్స్‌ఎఫ్-6. దాని మీద అక్కడక్కడా కొన్ని రేకులకి మాత్రం గోధుమ రంగు బాగా పలచన చేసి వేస్తాను, వరసగా కాదు, చిందరవందరగా. మరమ్మతుల్లో కొత్త రేకులు పడేవి కదా, అన్నీ ఒకే వయసువి కావు. తర్వాత హల్ మొత్తానికి ముదురు గోధుమ వాష్ (బాగా పలచన చేసిన రంగు), రేకుల సందుల్లో నిలిచేలా. నీటి గీత దగ్గర పలచటి పచ్చ వాష్‌ని నిలువుగా, పై నుంచి కిందికి లాగి, తడిగుడ్డతో సగం తుడిచేయాలి. ఆఖర్న మ్యాట్ వార్నిష్. లోహం మెరుపు చచ్చిపోవాలి, దగ్గరికొస్తే మాత్రం ఎక్కడో ఒక మూల తళుక్కుమనాలి.

ఇంకో మాట. ఈ రెసిపీ అన్ని ఓడలకీ పనికిరాదు. రాగి తొడుగులు రాకముందు ఓడలకి అడుగున తిమింగలం నూనె, గుగ్గిలం, గంధకం కలిపి పూసేవారు, అది మురికి తెలుపు, కాస్త పసుపు. లేదంటే తారు నలుపు. కటీ సార్క్ లాంటి 1869 క్లిప్పర్‌కి (వేగంగా పోయే తెరచాప సరుకు ఓడకి) రాగి కూడా కాదు, మంట్జ్ మెటల్, 60 పాళ్లు రాగికి 40 పాళ్లు జింకు. అది ఇత్తడి వన్నె.

రేవుగాలి
కటీ సార్క్ మాట వచ్చింది కాబట్టి, రెవెల్ 1/96 కడుతున్నాను, దాని డెక్ హౌస్‌లకి ఏ తెలుపు...

మోడరేటర్
రేవుగాలి గారూ, దానికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ కలిపితే రెండూ పాడవుతాయి. అడుగుపలక గారి పోస్ట్‌ని రాగి విభాగంలో పిన్ చేస్తున్నాను.

చుక్కాని
కొత్తతెరచాప గారూ, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

గన్‌పోర్ట్ (ఫిరంగి కిటికీ) తలుపుల బయటి వైపు నలుపు. మూస్తే పసుపు పట్టీ మీద నల్ల గళ్లు పడతాయి, నెల్సన్ చెకర్ అనేది అదే. తలుపు లోపలి వైపు, కిటికీ అంచులు ఎరుపు. ఎరుపంటే జేగురు ఎరుపు, ఇటుక వైపు ఉండాలి, ఫైర్ ఇంజన్ ఎరుపు వద్దు. రక్తం కనబడకుండా ఎరుపు వేసేవారన్న కథ ప్రతి చోటా చెప్తారు, నాకు పెద్దగా నమ్మకం లేదు. జేగురు చవక, చెక్కని బాగా కాపాడుతుంది, ఆ కారణం చాలు. గన్ క్యారేజీలు (ఫిరంగుల కింది బండ్లు) ఇప్పటి విక్టరీలో పసుపు. మీరూ పసుపే వేయండి, పట్టీల కంటే ఒక మెట్టు ముదురుగా.

డెక్‌కి టేకు రంగు, తేనె రంగు వేయకండి. రోజూ రాయితో, ఇసుకతో రుద్ది కడిగిన చెక్క బూడిద తెలుపుకి తిరుగుతుంది. బఫ్‌లో లేత బూడిద కలిపి, ఒక్కో పలకకి కొంచెం తేడా ఇస్తే చాలు. కదలని తాళ్లు తారు పూసినవి, ముదురు గోధుమ. ఉత్త నలుపు దారం వద్దు. లాగే తాళ్లు లేత గోధుమ. ఈ రెండింటి తేడా స్పష్టంగా ఉంటే రిగ్గింగ్ సగం అందం అక్కడే వస్తుంది.

ఒంటిమాస్ట్
జేగురు విషయంలో చుక్కాని గారితో ఏకీభవిస్తున్నాను. రాసిపెట్టుకోండి, మళ్లీ జరగదు.

కొత్తతెరచాప
టెస్ట్ కార్డ్ చేశాను. నాలుగు మిశ్రమాలు, పక్కన నాటో బ్లాక్. డబ్బారాయుడు గారు చెప్పిన పాళ్లతో చేసింది పగటి వెలుగులో బాగుంది, రాత్రి ట్యూబ్‌లైట్ కింద కాస్త పాలిపోయింది. డెజర్ట్ యెల్లో కొద్దిగా పెంచిన మూడో మిశ్రమం రెండు చోట్లా నిలబడింది. మ్యాట్ వార్నిష్ తర్వాత కూడా గులాబీ ఛాయ పోలేదు. అదే ఖాయం చేసి పెద్ద సీసా కలిపేశాను. కింది పట్టీకి మాస్కింగ్ మొదలైంది. పట్టీల అంచులు చెక్కల గీతల వెంటే వెళ్లాలా, లేక నీటి గీతకి సమాంతరంగానా?

చుక్కాని
ఫిరంగుల వరుస వంపు వెంటే. పట్టీలు ముందూ వెనకా పైకి లేస్తాయి, నీటి గీత తిన్నగా ఉంటుంది. టేప్‌ని సన్నగా, 1 మిల్లీమీటర్ పీలికలుగా కోస్తే వంపు తిరుగుతుంది. వెడల్పు టేప్ ముందు భాగంలో ముడతలు పడి రంగు లోపలికి పాకుతుంది.

కొత్తతెరచాప
చివరి ప్రశ్న. మాస్టుల (తెరచాప స్తంభాల) చుట్టూ ఉన్న ఇనుప కట్లు నలుపు వేయాలా? ఇనుము కదా.

రంగులరాట్నం
వద్దు! మాస్ట్ ఏ పసుపైతే కట్లూ ఆ పసుపే. శత్రువుల ఓడలకి నల్ల కట్లు ఉండేవి. పొగ కమ్మేస్తే హల్ కనిపించదు, మాస్టులే పైకి కనిపిస్తాయి. మనవాళ్ల మీద మనవాళ్లే కాల్చుకోకుండా తమ ఓడల కట్లకి పసుపు వేయించాడు నెల్సన్. మీది అక్టోబర్ 21 ఓడ అన్నారు కాబట్టి ఇక్కడ నలుపు వేస్తే అవతలి పక్షం అయిపోతారు. కలిపిన సీసాలో మాస్టులకి సరిపడా మిగుల్చుకోండి, కింది మూడు మాస్టులకి అనుకున్నదానికంటే ఎక్కువే పడుతుంది.